పిల్లల ఒంట్లో నిలిచిపోయే రాగి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఈ మాట మొదటే చెప్పుకోవడం మంచిది. ఉర్దూ మీడియం హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న మామూలు మాస్టర్ని. కార్యదర్శిగారు వచ్చి, "మాస్టర్ సాబ్, ఈసారి చదువు మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. అందుకని ఒక పిల్లవాడి చేతివ్రాత గురించి చెబుతానన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ చేతివ్రాత చివరికి రాగి దగ్గరికి, కాలేయం దగ్గరికి పోతుందని పాపం ఆయనకు అప్పుడు తెలియదు.

ఎనిమిదేళ్ళ క్రిందటి మాట. మా స్కూల్లో ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ళ నాన్న అనుమతితోనే చెబుతున్నాను గాని పేరు చెప్పను. ఆ పిల్లవాడి ఉర్దూ వ్రాత ముత్యాలలాగా ఉండేది. పొద్దున్నే బల్ల మీద తేదీ, ఆనాటి మంచిమాట వాడే వ్రాసేవాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ఒకాయన ఆ బోర్డు చూసి "ఎవరు వ్రాశారు?" అని అడిగి మరీ భుజం తట్టారు. అటువంటి వాడి వ్రాత అర్ధసంవత్సర పరీక్షల నాటికి పాడవడం మొదలుపెట్టింది. ఉర్దూ చదివినవాళ్ళకు తెలుస్తుంది, మన లిపికి చుక్కలే ప్రాణం. చుక్క క్రింద పడితే ఒక అక్షరం, పైన పడితే వేరొకటి. వీడి చుక్కలు ఎక్కడెక్కడో పడుతున్నాయి. అక్షరాలు చిన్నవై, ఒకదాని మీద ఒకటి ఎక్కి, పంక్తి క్రిందికి జారిపోతోంది. నోటు పుస్తకంలో అక్కడక్కడా సిరా అలుక్కుపోయి ఉండేది. అది చెమట అనుకున్నాను. చొంగ అని తర్వాత తెలిసింది.

నేనేం చేశాను? కేకలేశాను. "చేతికి తుప్పు పట్టిందిరా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. రాత్రిళ్ళు సెల్‌ఫోన్ చూస్తూ కూర్చుంటున్నాడని వాళ్ళ నాన్నను పిలిపించి ఫిర్యాదు చేశాను. ఆయన కుట్టుమిషను పని చేసుకునే మనిషి, మాట మీద నిలబడే మనిషి. ఇంటికి వెళ్ళి పిల్లవాణ్ణి కొట్టాడు. ఆ దెబ్బలలో సగం నావే. ఈ సంగతి ఈ సభలో చెప్పుకోకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

తర్వాత మెల్లమెల్లగా ఒక్కొక్కటీ బయటపడింది. స్టాఫ్ రూముకు టీ గ్లాసు తెస్తే సగం ఒలికేది. పాఠం చదవమంటే మాట ముద్దగా వచ్చేది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. లెక్కల్లో చురుకైనవాడు ఎక్కాలు తడుముకుంటున్నాడు. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వాడి నవ్వు. ఎంత తిట్టినా మొహం మీద ఒక నవ్వు అలాగే అతుక్కుని ఉండేది. పొగరు అనుకున్నాను. ఆ నవ్వు వాడి చేతిలో లేదని, మొహంలోని కండరాలు బిగుసుకుపోయి పెదవులు అలా నిలిచిపోయాయని ఆనాడు నాకేం తెలుసు?

వాళ్ళ నానీ "గాలి సోకింది" అన్నది. తావీజు కోసం తీసుకువెళితే ఆ పెద్దాయన పిల్లవాడి చెయ్యి పట్టుకు చూసి, "అమ్మా, దువా నేను చేస్తాను, ఈ వణుకును మాత్రం ఆస్పత్రికి తీసుకువెళ్ళండి" అన్నాడట. నాకంటే ఆయన నయం. ఊళ్ళోని ఒక ఆస్పత్రిలో బలహీనత అని టానిక్కు వ్రాసి పంపించారు. రెండోసారి వెళితే, చదువు ఇష్టం లేక నాటకమాడుతున్నాడన్నారు.

రోగం బయటపడ్డది కంటి డాక్టరు దగ్గర. అదీ నా తెలివి కాదు, యాదృచ్ఛికం. చూపు ఆనక వ్రాత పాడయిందేమో, కళ్ళద్దాలు పెట్టిస్తే సరిపోతుందని పంపించాను. అక్కడి డాక్టరమ్మ పిల్లవాడి గడ్డం యంత్రం మీద ఆనించి, సన్నటి వెలుగు వేసి చూసి, మళ్ళీ చూసి, "ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు వచ్చాయా?" అని అడిగిందట. కళ్ళద్దాల కోసం వెళితే కామెర్ల మాట ఎందుకని వాళ్ళమ్మ ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత ఏడ్చింది. ఎందుకంటే వచ్చాయి. మూడేళ్ళ ముందు ఆ ఇంటి పెద్దమ్మాయి, పదకొండేళ్ళ పిల్ల, కామెర్లతో, కడుపు ఉబ్బి, కాళ్ళు వాచి చనిపోయింది. ఆకు పసరు పోయించారు, పథ్యం పెట్టారు. పోయింది. ఆ చావుకూ ఈ చేతివ్రాతకూ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పండి!

ఆ రోగం పేరు విల్సన్ వ్యాధి. శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు 1912లో లండన్‌లో దీన్ని వివరంగా వర్ణించాడు. మెదడులో ఒక భాగం, దానితోపాటు కాలేయం, రెండూ చెడిపోవడం ఆయన చూశాడు గాని, దానికి మూలం రాగి అని ఆయనకు తెలియదు. అంతకు పదేళ్ళ ముందే, 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే ఇద్దరు జర్మన్ కంటి వైద్యులు నల్లగుడ్డు అంచున ఒక రంగు వలయాన్ని గుర్తించి ఉన్నారు. మా పిల్లవాడి కంట్లో డాక్టరమ్మ చూసింది దాన్నే. మెదడులోనూ కాలేయంలోనూ రాగి పేరుకుందని 1948 నాటికిగాని గట్టిగా తేలలేదు.

రాగి మన ఒంట్లో ఏం చేస్తుంది అని మీరు అడగవచ్చు. చాలా పనులు చేస్తుంది. రక్తం పట్టడానికి, ఎముక గట్టిపడటానికి, జుట్టుకు, నరాలకు రాగి కావాలి. కావలసింది మాత్రం పెద్దవాడికి రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము. మొత్తం ఒంట్లో ఉండే రాగి అంతా కలిపినా సుమారు వంద మిల్లీగ్రాములే. మనం తినే గింజల్లో, పప్పుల్లో, మాంసంలో అవసరానికి మించే దొరుకుతుంది. ఆ మిగులును బయటికి పంపే పని కాలేయానిది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి వదులుతుంది, అది మలంతో పోతుంది. కొంత రాగిని సెరులోప్లాస్మిన్ అనే ఒక ప్రోటీనులో చేర్చి రక్తంలోకి పంపుతుంది. ఈ రెండు పనులూ చేసే యంత్రం ఒక్కటే. దాన్ని తయారు చేసే జన్యువు పదమూడో క్రోమోజోము మీద ఉంది, పేరు ఏ.టి.పి. 7బి. 1993లో కనుక్కున్నారు. ఆ జన్యువు చెడితే ఇంటి మోరీ పూడుకున్నట్టే. నీళ్ళు రోజూ వస్తూనే ఉంటాయి, పోయే దారి ఉండదు. మొదట కాలేయం నిండుతుంది, తర్వాత పొంగి మెదడుకు, కంటికి, మూత్రపిండాలకు చేరుతుంది.

అందుకే ఈ రోగం ఒక్కొక్కరిలో ఒక్కొక్క వేషం వేస్తుంది. పుట్టుకతో ఉన్నా పుట్టగానే కనబడదు. అయిదేళ్ళ లోపు బయటపడటం అరుదు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కాలేయం రూపంలో వస్తుంది, పన్నెండు పదమూడు దాటినవాళ్ళలో నరాల రూపంలో. మా పిల్లవాడి అక్కకు ఒక వేషం, వాడికి ఒక వేషం. రోగం ఒక్కటే.

కామెర్ల గురించి కొంచెం నిలబడి చెప్పాలి. మన పిల్లలకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం నీళ్ళ వల్ల వచ్చేవి, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆకు మందుకు అంత పేరు రావడానికి కారణం కూడా అదే. ఏది పోసినా తగ్గే రోగానికి పోసినవాడే గొప్పవాడు. కాని కామెర్లు తగ్గి మళ్ళీ వస్తే, నెలలు గడిచినా పోకపోతే, కడుపు ఉబ్బితే, కాళ్ళు వాస్తే, ముక్కు వెంట రక్తం పడుతుంటే, కామెర్లతోపాటు పిల్లవాడు ఉన్నట్టుండి పాలిపోతే అది వేరే సంగతి. రాగి ఒక్కసారిగా రక్తంలోకి పొంగితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడు రోజుల వ్యవధిలోనే ప్రాణం మీదికి వస్తుంది. అదే ఇంట్లో అంతకు ముందు ఒక బిడ్డ కాలేయం చెడి పోయి ఉంటే, రెండో బిడ్డకు కామెర్లు వచ్చిన రోజునే డాక్టరుకు ఆ మాట చెప్పాలి. వాళ్ళు అడగకపోయినా చెప్పాలి. మనవాళ్ళు చెప్పరు. పోయిన బిడ్డ మాట ఆస్పత్రిలో ఎత్తడం అపశకునమనుకుంటారు.

ఇక నరాల రూపం. ఇక్కడ డాక్టరు కంటే ముందు చూసేవాడు మాస్టరు. రోజుకు ఆరు గంటలు పిల్లవాడు మన కళ్ళ ముందుంటాడు. చేతివ్రాత పాడవడం, మాట ముద్దకావడం, చొంగ కారడం, చెయ్యి వణకడం, నడకలో తడబాటు, మెడో చెయ్యో ఒక ప్రక్కకు మెలితిరగడం, బాగా చదివేవాడు వెనుకబడటం. కొందరిలో వీటన్నిటికంటే ముందు స్వభావం మారుతుంది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు, సిగ్గు లేకుండా ప్రవర్తించడం. వయసు ప్రభావం అని మనం సరిపెట్టుకుంటాం. నిజమే, పదమూడేళ్ళ పిల్లలందరికీ కోపం వస్తుంది. కాని వయసు వల్ల చొంగ కారదు, చుక్కలు చెదిరిపోవు.

ఎముకల రూపం కూడా ఒకటుంది. మూత్రపిండాలు దెబ్బతిని ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర పోతాయి. మన దేశంలో ఈ రకాన్ని వైద్యులు ప్రత్యేకంగా గమనించి వ్రాశారు. రికెట్సు అని కాల్షియం ఇస్తూ కూర్చుంటే అసలు రోగం వెనుక దాక్కుంటుంది.

కంట్లోని వలయం గురించి ఒక హెచ్చరిక. ఇంటికి వెళ్ళి టార్చిలైటు వేసి పిల్లల కళ్ళు చూడకండి. ఆ వలయం ఆకుపచ్చ, బంగారు, గోధుమ రంగులు కలిసినట్టుంటుంది. మనవాళ్ళ నల్లటి కళ్ళలో మామూలుగా చూస్తే కనబడదు, స్లిట్ లాంప్ అనే యంత్రంతో చూడాలి. నరాల లక్షణాలున్న వాళ్ళలో దాదాపు అందరికీ ఉంటుంది గాని, కాలేయం రూపంలో ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఉండనే ఉండదు. కాబట్టి వలయం లేదు గనుక రోగం లేదని చెప్పడానికి లేదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ ఎంతుందో చూస్తారు. ఈ రోగంలో అది తగ్గి ఉంటుంది, డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకన్నా తక్కువైతే అనుమానం. ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి అందులో రాగి కొలుస్తారు, 100 మైక్రోగ్రాములు దాటితే అనుమానం గట్టిపడుతుంది. పిల్లల్లో 40 దాటినా వదిలిపెట్టరు. ఆ మూత్రం పట్టే డబ్బా ఆస్పత్రివాళ్ళు ఇచ్చినదే కావాలి. ఇంట్లోని చెంబులో పట్టి తీసుకుపోతే చెంబు రాగి కూడా లెక్కలోకి వస్తుంది! అవసరమైతే కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు, జన్యు పరీక్ష చేస్తారు. ఏడాది లోపు బిడ్డల్లో సెరులోప్లాస్మిన్ సహజంగానే తక్కువ, ఆ వయసులో ఆ పరీక్షను పట్టుకుని భయపడకూడదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. పెళ్ళిళ్ళ మాట.

ఈ రోగం రావాలంటే బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు రావాలి. ఒక్కటి వస్తే రోగం రాదు, మనిషి నూరేళ్ళు హాయిగా ఉంటాడు, తన దగ్గర ఉన్నట్టు కూడా తెలియదు. ఇటువంటి వాహకులు సుమారు తొంభై మందిలో ఒకరు ఉంటారని పుస్తకాల్లో తరచు చెప్పే లెక్క. ఈ హాల్లో ఒకరిద్దరు ఉండవచ్చు, అది నేనే కావచ్చు. నేను వాహకుణ్ణి అనుకోండి. పరాయి సంబంధం చేసుకుంటే ఆవిడ కూడా వాహకురాలయ్యే అవకాశం తొంభైలో ఒకటి. అదే మా చిన్నాన్న కూతుర్నో, ఖాలా కూతుర్నో చేసుకుంటే, మా ఇద్దరికీ ఒకే తాత నుంచో నానీ నుంచో ఆ ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. ఇద్దరమూ వాహకులమైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. అంటే మొదటి పద్ధతిలో మూడువందల అరవై కాన్పులకు ఒకటి, రెండో పద్ధతిలో ముప్ఫైరెండుకు ఒకటి. లెక్కల మాస్టరుగారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే చెబుతారు.

మా పిల్లవాడి తల్లిదండ్రులు అక్కచెల్లెళ్ళ బిడ్డలు. మన తెలుగు హిందూ సోదరుల్లో అక్కచెల్లెళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస, ఆ పెళ్ళి మాటే ఎత్తకూడదు. కాని వాళ్ళలో మేనరికం ఉంది, కొన్ని ఇళ్ళలో సొంత అక్క కూతుర్నే చేసుకునే ఆచారమూ ఉంది. అందులో అవకాశం ఎనిమిదిలో ఒకటి కాదు, నాలుగులో ఒకటి. కాబట్టి ఇది ఒక మతానికి అంటగట్టే విషయం కాదు, ఈ నేల మీద అందరం పంచుకున్న అలవాటు. మన షరియత్ ఇటువంటి పెళ్ళిని అనుమతించింది, చేసి తీరమనలేదు. చేసుకున్నవాళ్ళందరి పిల్లలూ రోగిష్ఠులవుతారని కూడా నేను అనడం లేదు. మా అమ్మానాన్నా కూడా దగ్గర చుట్టాలే, నేను మీ ముందు గుండ్రాయిలాగా నిలబడి ఉన్నాను. పరాయి సంబంధాల్లోనూ ఈ రోగం వస్తుంది. నేననేది ఒక్కటే. ఒక ఇంట్లో ఈ రోగం ఉందని తేలిన తర్వాత, ఆ ఇంటి పిల్లలకు మళ్ళీ ఆ వంశంలోనే సంబంధం కలిపే ముందు జన్యు పరీక్ష చేయించండి. ఇంట్లో చెడిన ప్రతి ఏదో ఒకసారి తెలిస్తే మిగతావాళ్ళలో దాన్ని వెతకడం తేలిక. జాతకం చూడని వాళ్ళం, జన్యువు చూస్తే తప్పేముంది?

ఇంకో సంగతి, దీనికంటే అవసరమైనది. రోగం ఉన్న బిడ్డకు తోబుట్టువులుంటే వాళ్ళకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఏ లక్షణమూ లేకపోయినా అందరికీ పరీక్ష చేయాలి. మా పిల్లవాడికి చెల్లెలు ఉంది, అప్పటికి ఏడేళ్ళు. చెంగుచెంగున గంతులేస్తూ ఉండేది. "దానికేం రోగం సార్, దాన్ని వదిలెయ్యండి" అన్నాడు తండ్రి. పెద్దాస్పత్రి డాక్టరు వదల్లేదు. పరీక్షలో ఆ పిల్లకూ ఉందని తేలింది. ఆనాడే మందు మొదలుపెట్టారు. ఇవ్వాళ ఆ అమ్మాయి పదో తరగతి. చెయ్యి వణకదు, కళ్ళు పచ్చబడలేదు. అన్న చేతివ్రాత పాడవబట్టి చెల్లెలు బ్రతికింది అని వాళ్ళమ్మ అంటుంది.

అవును, మందు ఉంది. పుట్టుకతో వచ్చే రోగాల్లో మందులున్నవి కొన్నే, ఇది ఆ కొన్నిట్లో ఒకటి. ఇంగ్లండుకు చెందిన జాన్ వాల్ష్ అనే వైద్యుడు 1956లో పెనిసిలమిన్ అనే మందు ఈ రోగంలో పని చేస్తుందని చూపించాడు. అది రాగిని పట్టుకుని మూత్రంలోకి లాగుతుంది. రోగికి ఇచ్చే ముందు ఒక మోతాదు తానే మింగి చూశాడట ఆ మహానుభావుడు. అది పడనివాళ్ళకు తర్వాత ట్రయంటిన్ అనే మందును కూడా ఆయనే తెచ్చాడు. జింకు లవణాలు మూడోది. అవి తిండిలోని రాగిని పేగుల దగ్గరే ఆపుతాయి. కాలేయం పూర్తిగా చెడిపోతే కాలేయ మార్పిడి.

ఈ మందులతో మూడు చిక్కులున్నాయి. పెనిసిలమిన్ పరగడుపున వేసుకోవాలి, తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో, తోడు బి6 విటమిను. జింకూ అదీ ఒకేసారి మింగితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. రెండోది, నరాల రూపంలో ఉన్నవాళ్ళలో కొందరికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో రోగం ఇంకా ముదురుతుంది. మావాడు అప్పుడు నాలుగు నెలలు సరిగా నడవలేకపోయాడు. "మందే చంపుతోంది, మానిపించండి" అని చుట్టాలంతా మీద పడ్డారు. డాక్టరు ముందే హెచ్చరించి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతున్నాడు గనుక తండ్రి నిలబడ్డాడు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. మందు బ్రతికినన్నాళ్ళూ వేసుకోవాలి. బాగయింది గదా అని ఆపితే రాగి మళ్ళీ నిండుతుంది. కొన్నాళ్ళ పాటు ఏమీ తెలియదు, ఆ తర్వాత కాలేయం ఒక్కసారిగా కూలిపోవచ్చు. మావాడు పదిహేడేళ్ళప్పుడు నెలన్నర మానేశాడు. ఎందుకురా అంటే, "దోస్తులు పిచ్చి మందు అంటున్నారు సర్" అన్నాడు. అల్లా దయవల్ల కళ్ళు పచ్చబడగానే వాళ్ళమ్మ కనిపెట్టింది.

రంజాను మాట కూడా చాలామంది అడుగుతారు. రోగికి మినహాయింపు ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రోజా ఉండవచ్చా, ఉంటే మందు వేళలు ఎలా మార్చాలి అనేది నెలవంక కనిపించక ముందే డాక్టరును అడగాలి, ఎవరికి వారు నిర్ణయించుకుని మాత్రలు మానకూడదు.

తిండిలో రాగి ఎక్కువున్నవి కలేజీ, రొయ్యలు, పీతలు, జీడిపప్పు వంటి గింజలు, నువ్వులు, చాక్లెట్, పుట్టగొడుగులు. మొదటి ఏడాది వీటిని బాగా తగ్గించమంటారు. బక్రీదు నాడు కలేజీ వేపుడు వాసన వస్తుంటే ఆ పిల్లలిద్దరినీ పెరట్లోకి తీసుకుపోయి కబుర్లు చెప్పే పని వాళ్ళ మామూది. పథ్యం ఒక్కదానితో రోగం పోదు, మందు వేసుకుంటున్నాం గదా అని పథ్యం విడిచిపెట్టడమూ కుదరదు. రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యమని ఈమధ్య ప్రతి ఇంట్లో సీసాలు కొంటున్నారు. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా ఈ పిల్లలకు ఆ నీళ్ళు పనికిరావు.

చెంబు మాట వచ్చింది గనుక ఒక పాత కథ. మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసే ఆయన వచ్చేవాడు. గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊది, దేగిషాలన్నిటికీ తగరం పూత వేసి తళతళలాడించేవాడు. పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. కళాయి పోయిన గిన్నెలో దాదీ పాలు పోయనిచ్చేది కాదు. అది ఆమె చాదస్తమనుకునేవాళ్ళం. మన దేశంలో చాలా కాలం పాటు పసిపిల్లల్ని పొట్టన పెట్టుకున్న కాలేయ రోగం ఒకటుండేది. ఆరు నెలల నుంచి నాలుగైదేళ్ళ లోపు బిడ్డలకు కడుపు గట్టిపడి, కామెర్లు వచ్చి, కొద్ది నెలల్లో పోయేవాళ్ళు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడంతో అది వంశంలో వచ్చే రోగమే అనుకున్నారు. ఆ బిడ్డల కాలేయాల్లో రాగి కుప్పలుగా ఉండేది. 1983లో పూనా వైద్యులు, బ్రిటన్‌కు చెందిన స్టువర్ట్ టానర్ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. చంటిబిడ్డకు తల్లిపాలు త్వరగా మాన్పించి, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి నిలవ ఉంచిన పాలు పట్టడమే కారణం కావచ్చునని అందులో చూపించారు. ఇళ్ళలోకి స్టీలు గిన్నెలు వచ్చాయి, తల్లిపాల ప్రచారం జరిగింది, ఆ రోగం దాదాపు కనుమరుగైంది. ఆస్ట్రియా దేశపు టిరోల్ కొండల్లోనూ అచ్చం ఇదే జరిగింది. అక్కడ 1900 నుంచి 1974 వరకు 138 మంది పసిపిల్లలు పోయారు, అక్కడా రాగి గిన్నెలే. అయితే ఆ గిన్నెల పాలు తాగిన బిడ్డలందరికీ రోగం రాలేదు, కొన్ని కుటుంబాల్లోనే వచ్చింది. కాబట్టి ఒంట్లో ఏదో పుట్టు బలహీనత కూడా తోడై ఉంటుందని టిరోల్ రోగాన్ని పరిశీలించినవాళ్ళు అభిప్రాయపడ్డారు. మా దాదీకి ఇదంతా తెలియదు. గిన్నెను చూసి తెలుసుకుంది.

రాగి నిండిపోయే రోగం ఒకటైతే, రాగి అందని రోగం ఇంకొకటి. దాని పేరు మెంకెస్ వ్యాధి. జాన్ మెంకెస్ అనే వైద్యుడు 1962లో వర్ణించాడు. ఆస్ట్రేలియాలో డేవిడ్ డాంక్స్ అనే వైద్యుడు ఈ బిడ్డల జుట్టు చూసి, రాగి లేని నేలలో మేసిన గొర్రెల ఉన్ని కూడా ఇలాగే ఉంటుందే అని ఆలోచించి, 1972లో గుట్టు విప్పాడు. ఇది తల్లి వైపు నుంచి వచ్చే రోగం, దాదాపు ఎప్పుడూ మగబిడ్డలకే. పుట్టినప్పుడు బాగానే ఉంటాడు. రెండు మూడు నెలలకు మెడ నిలబడదు, ఒళ్ళు గుడ్డపేలికలా ఉంటుంది, ఒళ్ళు చల్లబడుతుంది, ఫిట్సు వస్తాయి, బుగ్గలు వేలాడతాయి. జుట్టు తెల్లబారి, పీచులాగా, ఇనుప తీగలాగా మెలితిరిగి, పట్టుకుంటే విరిగిపోతుంది. మనం ఏడో రోజున అఖీఖా చేసి పుట్టు వెంట్రుకలు తీయిస్తాం. ఆ తర్వాత మొలిచే జుట్టు ఎలా ఉందో తల్లులు చూడాలి. మేనమామలెవరైనా పసితనంలో ఇలాగే పోయారేమో అడగాలి. ఈ రోగానికి పుట్టిన కొద్ది వారాల్లోనే రాగి సూదులు మొదలుపెడితే కొందరికి మేలు జరుగుతుంది, ఆలస్యమైతే పెద్దగా ఫలితం ఉండదు. చాలామంది మూడేళ్ళు దాటరు. ఒక బిడ్డ ఇలా పోయిన ఇంట్లో తర్వాతి కాన్పుకు ముందే జన్యు వైద్యుల్ని కలవడం తప్ప వేరే దారి లేదు.

మళ్ళీ మావాడి దగ్గరికి వస్తాను. ఇప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. మాట కాస్త నిదానం. చెయ్యి కొంచెం వణుకుతుంది, సూదిలో దారం ఎక్కించలేడు గనుక తండ్రి పనిలోకి పోలేదు. ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. మొదట్లోనే పట్టుకుని ఉంటే ఆ వణుకు కూడా ఉండేది కాదేమోనని ఆస్పత్రిలో అన్నారు. చుక్కలు చెదిరిన నాటికీ కంటి డాక్టరును చూసిన నాటికీ మధ్య ఏడు నెలలు పోయాయి. అందులో అయిదు నెలలు వాడు నా క్లాసులో నా ఎదుటే కూర్చున్నాడు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది ఇటువంటి రోగుల వివరాలు 2007లో ప్రచురించారు. ఆ సంఖ్య చదివినప్పుడు, వాళ్ళలో ఎందరి వెనుక నావంటి మాస్టరు ఉన్నాడో అనిపించింది.

సంఘానికి నా మనవి రెండు మాటలు. ఏటా మనం నోటుపుస్తకాలు పంచుతున్నాం. పాత పుస్తకాలు అమ్మేయకుండా ఒక్కటి, కనీసం ఒక్కటి, ఇంట్లో దాచమని తల్లిదండ్రులకు చెప్పండి. నిరుటి వ్రాతా ఈ ఏటి వ్రాతా ప్రక్కప్రక్కన పెడితే డాక్టరుకు అరగంట చెప్పనక్కరలేదు. రెండోది, ఈ రోగమున్న ఇంటికి కష్టం పరీక్షల నాడు కాదు, పదేళ్ళ తర్వాత ఒక నెల మాత్రలు కొనలేని నాడు. మన వైద్యసహాయ నిధి ఆపరేషన్లకు ఇస్తుంది గాని నెలనెలా మందులకు ఇవ్వదు. ఆ నిబంధన మార్చమని కార్యవర్గానికి వ్రాతపూర్వకంగా ఇచ్చాను, కాగితం కార్యదర్శిగారి దగ్గర ఉంది.

భోజనాల దాకా నేను బయట నీళ్ళ డ్రమ్ము ప్రక్క బెంచీ మీద కూర్చుంటాను. ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి అనుమానం ఉంటే వచ్చి చెప్పండి. ఏ డాక్టరును కలవాలో, ఏమేం కాగితాలు తీసుకువెళ్ళాలో వ్రాసి ఇస్తాను. మావాడు కూడా వచ్చాడు, వెనుక వరుసలో ఉన్నాడు. వాడు కూడా బెంచీ దగ్గరే ఉంటానన్నాడు.